ఎడమచేతి సన్నాయి

మా అన్న గద్వాలలో చీరలు నేస్తాడు. గిటార్ ఎంచుకోవడానికి మగ్గం మనిషిని వెంట తీసుకుపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఆయన మంచివాడు. మంచివాళ్ల మీద మనసారా కోప్పడడానికి కూడా ఉండదు, అదే వాళ్లతో వచ్చే చిక్కు.

అసలు నాకు గిటార్ రాదు. నేను కీబోర్డు మనిషిని. చిన్న వయసు నుంచీ మా చుట్టుపక్కల ఊళ్లలో వాయిస్తున్నాను. శనివారం సాయంత్రం ఆంజనేయస్వామి భజన, ఆదివారం పొద్దున చర్చి, ముహూర్తాలున్న రోజుల్లో పెళ్లి పందిళ్లు. ఇద్దరు దేవుళ్లూ ఎన్నడూ నాతో పేచీ పెట్టుకోలేదు. మధ్యలో ఉన్న మనుషులే అప్పుడప్పుడూ మొహం ముడుచుకునేవాళ్లు. నేను పెళ్లి చేసుకోలేదు. అందరి పెళ్లిళ్లకూ సన్నాయి వాయిస్తూ నువ్వెందుకు చేసుకోలేదని అడిగేవాళ్లకు జవాబు చెప్పడానికి ఇది రాయడం లేదు కాబట్టి ఆ సంగతి పక్కన పెడదాం. అన్నా వదినలతోనే ఉంటాను.

మా ట్రూపులో నిజం సన్నాయి ఊదేవాళ్లు లేరు. పాడడానికి ఒకామె, ప్యాడ్లు కొట్టడానికి ఒకాయన, మిగతా వాద్యాలన్నీ నా కీబోర్డులో ఉండేవి. వేణువు, వయొలిన్ అందరి కీబోర్డుల్లో ఉన్నట్టే ఉంటాయి గానీ, సన్నాయి గొంతును మాత్రం నేను ఏళ్ల తరబడి మీటలు అటూ ఇటూ జరుపుతూ నాకు నచ్చేటట్టు దిద్దుకున్నాను. కొంచెం ముక్కుతో పలికినట్టు, కొంచెం ఎండలో నిలబడి ఊదుతున్నట్టు. ఎక్కడికి పోయినా జనం దాన్ని గుర్తుపట్టేవాళ్లు.

రెండేళ్ల కింద మానవపాడు నుంచి స్కూటీ మీద వస్తుంటే రోడ్డు మీద ఆరబోసిన మక్కజొన్న గింజల మీద బండి జారింది. కుడి భుజం మీద పడ్డాను. ఎముక విరగలేదు. విరిగితే అతుక్కునేది. మెడ నుంచి చేతికి దిగే నరాలు తెగాయన్నారు కర్నూలు దవాఖానలో. ఆపరేషన్ చేశారు. ఆరు నెలలు చూద్దామన్నారు, తర్వాత ఇంకో ఆరు నెలలు చూద్దామన్నారు, ఆ తర్వాత చూద్దామనడం మానేశారు. చెయ్యి ఉంది. రంగు ఉంది, గోళ్లు పెరుగుతాయి. గిల్లితే తెలియదు. మెడకు కట్టిన బట్టలో పడుకోబెడితే పడుకుంటుంది, లేకపోతే పక్కన వేలాడుతుంది. నిద్రలో అది నా కిందికి వస్తే ఎవరో పక్కలో పడుకున్నారని ఉలిక్కిపడి లేచేదాన్ని. దాన్ని నా చెయ్యి అనుకోవడం మానేశాను.

చూడడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "ఇంకో చెయ్యి మంచిగనే ఉన్నది గద, దాంతోటి వాయించు." అరటిపండ్లు తెచ్చి మరీ చెప్పేవాళ్లు. వాళ్లకు ఎట్లా వివరించను? సన్నాయి వాయించేటప్పుడు నా కుడిచెయ్యి స్వరం నొక్కేది, ఎడమచెయ్యి పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పేది. ఆ చక్రం తిరిగితేనే స్వరం జారుతుంది, ఊగుతుంది. గమకమంతా దానిలోనే. ఒక్క చేత్తో వాయిస్తే స్వరం వస్తుంది గానీ ఊగదు. ఊగని సన్నాయికీ ఆటో హారన్‌కూ పెద్ద తేడా లేదు. ఒకసారి ప్రయత్నించాను. వదిన వంటింట్లోంచి వచ్చి, బాగుందని చెప్పి మళ్లీ లోపలికి పోయింది. ఆమెకు అబద్ధం చెప్పడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది. కీబోర్డు మీద దుప్పటి కప్పేశాను.

ఒక మధ్యాహ్నం అక్క వచ్చింది. అక్క అంటే మా ట్రూపులో పాడే ఆమె, మానవపాడు దిక్కు మనిషి. ఆమె తల్లీతండ్రీ కూలి పనికి ఊళ్లు పట్టుకుని తిరిగినవాళ్లు. మిరప చేలలో పాడి పాడి సాగిన గొంతు. చర్చిలో ఆమె అందుకుంటే మైకు అక్కర్లేదు. వచ్చి, మంచినీళ్లు తాగి, నా మొహం చూడకుండా మొదలుపెట్టింది.

"రెండేండ్లాయె. పెన్‌డ్రైవ్‌ల పాట పెట్టుకొని దాని మీద పాడుతున్న. అది నా కోసం ఆగదు. నేనే దాని ఎంట ఉరుకుతున్న. ప్యాడ్ల ఆయన ఎవర్నన్న కొత్తోన్ని చూస్తనంటుండు. నేనే ఆపిన."

"ఎందుకు ఆపుడు? పెట్టుకోండ్రి."

"మాఘం దాకా ఆపుత. మాఘంల శ్రీరంగాపూర్‌ల పెద్ద పెండ్లి ఒప్పుకున్నం. గప్పటికి నువ్వు వచ్చి కూసుంటే సరే. లేకుంటే ఇంగ నా చేతిల లేదు పిల్లా. నీ జాగ ఖాళీగ పెట్టుకొని ఎన్నొద్దులు పాడాలె?"

ఆ మాట చెప్పి ఆమే ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది. ఏడవాల్సింది నేను గదా! కానీ ఆమె నన్ను మోసం చేయడం లేదని తెలుసు. రెండేళ్లు ఒక మనిషి కోసం కుర్చీ ఖాళీగా ఉంచేవాళ్లు ఎవరుంటారు? మాఘానికి ఇంకా నాలుగు నెలలు కూడా లేవు. ఆ తర్వాత నా జాగాలో ఇంకొకరు కూర్చుంటారు, నేను అరటిపండ్లు తినుకుంటూ ఇంట్లో ఉంటాను.

అక్క కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది. "గిది జర సూడు. గిటార్ల పిల్లనగ్రోవి వస్తున్నది."

ఏదో దేశం మనిషి. చేతిలో గిటార్, వినిపించేది వేణువు. తీగల కింద ఒక సన్నపు పట్టీ ఉందట, ఒక్కో తీగకు ఒక్కో చెవి. ఏ తీగ ఏ స్వరం పలికిందో అది విని ఒక డబ్బాకు చెబుతుంది, డబ్బా కీబోర్డుకు చెబుతుంది, కీబోర్డు తన గొంతుతో పాడుతుంది.

"గిటార్‌కు రెండు చేతులు కావాలె అక్కా. నాకున్నది ఒకటి. గీ లెక్క కూడ రాదా నీకు?"

అంటూనే ఉన్నాను, ఆ ఫోన్‌లో మనిషి కుడిచెయ్యి ఎత్తి ముక్కు గోక్కున్నాడు. వేణువు ఆగలేదు. ఎడమచేతి వేళ్లు తీగల మీద టకటక పడుతున్నాయి, పడిన చోటల్లా స్వరం వస్తోంది. నేను ఫోన్ లాక్కున్నాను. మళ్లీ మళ్లీ చూశాను. వేలు తీగ మీద పడుతోంది, పడిన వేలే తీగను కొంచెం పక్కకు నెడుతోంది, వేణువు జారుతోంది. స్వరమూ గమకమూ రెండూ ఒక్క వేలి కిందే ఉన్నాయి. చక్రం తిప్పడానికి ఇంకో చెయ్యి అక్కర్లేదు.

మా అన్నకు చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. "నీ ఎడమచెయ్యి చిన్నప్పటి సంది ఉషారే" అన్నాడు. మా గద్వాల చీరకు నడుమ నూలు, అంచుకు పట్టు. దారాన్ని అటూ ఇటూ మోసే నాడెలు రెండింటికీ వేరువేరు. మా నాయన నడుమ నేస్తుంటే నేను ఎడమ దిక్కు కూర్చుని అంచు నాడె ఎడమచేత్తోనే విసిరి అందుకునేదాన్ని. బడికి పోకముందు కొంత, వచ్చాక కొంత. ఆ చేతికి వేగం అక్కడిదే.

వనపర్తిలో సంగీత వాద్యాల కొట్టు ఒకటి ఉంది. నా మొదటి కీబోర్డు అక్కడిదే. బస్సులో బీచుపల్లి వంతెన దాటి పోయాం. కొట్టు ఆయన నా చెయ్యి చూసి, కుర్చీ వేసి, ఏమీ అడగకుండా చాయ్ తెప్పించాడు. అందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. విషయమంతా విని, అటువంటి పట్టీ లోపల అమర్చి వచ్చే గిటార్లు ఈ దిక్కు దొరకడం కష్టమనీ, మామూలు గిటార్‌కు అంటించుకునే పట్టీ, దాని డబ్బా హైదరాబాద్ నుంచి తెప్పిస్తాననీ అన్నాడు. అవి వచ్చాక ఫోన్ చేశాడు. ఇక ఏ గిటార్‌కు అంటించాలో మేం ఎంచుకోవాలి.

గోడకు వరసగా వేలాడుతున్నాయి. ఎరుపు, నలుపు, తేనె రంగు. నాకు గిటార్ తెలియదు, అన్నకు అసలే తెలియదు. కానీ వరసగా బిగించిన తీగలు కనబడితే మా అన్న ఊరుకోగలడా? మగ్గం మీద బిగించిన పడుగు దారాలను చూసినట్టే చూశాడు. ఒక్కోదాని మీద గోరుతో అడ్డంగా గీసి, బొటనవేలితో నొక్కి, తల అడ్డంగా ఊపుతూ పోయాడు.

"గిది సడలి ఉన్నది. గిదీ గంతే. గిదైతే మరీ అన్యాలం."

చివర నల్లటిది ఒకటి ఉంది. దాని తీగలు లావు. గోరు గీస్తే ఖంగుమంది. అన్న మొహం వెలిగింది.

"గిది పడుగంటె."

నేనూ నొక్కి చూశాను. నిజం చెప్పాలంటే నా వేలికి కూడా అదే నచ్చింది. మేం ఒకే ఇంట్లో పెరిగాం. పడుగు సడలితే దారాలు చిక్కుపడతాయి, బట్ట ముడతలు పడుతుంది, నాయన ఆ పూట అన్నం తినడు. బిగువంటే మంచిదని మా చేతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొట్టు ఆయన కొంచెం నసిగాడు. "అవి లావు తీగలమ్మా. గట్టిగ కొట్టి వాయించెటోళ్లు తీస్కుంటరు."

"గట్టిగుండుడే మంచిదన్నా" అన్నాడు మా అన్న. నేనూ తల ఊపాను. కొట్టు ఆయన తీగలు ఆనే బ్రిడ్జి పక్కన పట్టీ అంటించి, స్క్రూలు సరిచేసి, "ముందుగాల ఇంటికి తీస్కపోయి వాయించి సూడుండ్రి, నచ్చితెనే మాట్లాడుకుందం" అని ఇచ్చి పంపాడు.

కీబోర్డు మీది దుప్పటి తీసి, డబ్బా వైరు కలిపాను. గిటార్‌ను ఒళ్లో పరుండబెట్టుకున్నాను. వేలు తీగ మీద వేశాను. ఏమీ పలకలేదు. ఇంకొంచెం గట్టిగా కొట్టాను. ఏమీ లేదు. బల్ల మీద గుద్దినట్టు గుద్దితే అప్పుడు, తీరిగ్గా, గొంతులో ఏదో అడ్డం పడినవాడిలా సన్నాయి ఒక దగ్గు దగ్గింది. తీగను పక్కకు నెట్టి గమకం తేవాలని చూశాను. చేను చుట్టూ కట్టిన కంచె తీగను నెట్టినట్టుంది. అది కదలదు, నా వేలే తెగుతుంది. వదిన పసుపు అద్దింది. మర్నాడు మళ్లీ కొట్టాను, మళ్లీ తెగింది. నా చేతికే తెలివి లేదేమో, అలవాటైతే వస్తుందేమో అని వారం రోజులు దాన్ని గుద్దుతూనే ఉన్నాను. వారం చివర ఎడమచేతి వేళ్లు కూడా వాచి, అన్నం కలుపుకోవడానికి రెండు చేతుల్లో ఏదీ లేకుండా పోయింది. వదిన ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. అంతకన్నా అవమానం నాకు ఇంకోటి లేదు.

"నీ పడుగును నువ్వే పెట్టుకో. దానికి బొట్టు పెట్టి పూజ చేసుకో" అని అన్న మీద విరుచుకుపడ్డాను. ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని విన్నాడు. నేను అరవడం అయిపోయాక, ఫోన్ తీసి వనపర్తి కొట్టు ఆయనకు చేశాడు. "అన్నా, మాకు సమజ్ అయితలేదు. మా చెల్లె చేతి ఏళ్లు తెగుతున్నయి. జర చెప్పు" అన్నాడు. నా కోపం సగం అక్కడే దిగిపోయింది, మిగతా సగం మాత్రం పట్టుదలకు ఉంచుకున్నాను.

కొట్టు ఆయన నాగర్‌కర్నూల్‌లో ఒక పెద్దాయన ఉన్నాడని చెప్పాడు. ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. పట్టీ లోపలే అమర్చి వచ్చిన గిటార్ ఆయన దగ్గర ఉంది, ఇచ్చేసే ఆలోచనలో ఉన్నాడు. రెండూ ముట్టుకుని చూస్తే ఏది కావాలో మీకే తెలుస్తుందన్నాడు.

పోయాం. ఈసారి అన్న కీబోర్డును కూడా బొంతలో చుట్టి భుజాన వేసుకున్నాడు. "నీ సన్నాయితోటే చూడాలె, ఇంకోదాంతోటి కాదు" అన్నాడు. బస్సులో దాన్ని ఒళ్లో నిలబెట్టుకుని పట్టుకున్నాడు. కండక్టరు పేషెంటెవరని అడిగాడు, నేనో బొంతలో ఉన్నదో అర్థం కాక.

పెద్దాయన ఇల్లు ఒక ఇరుకు గల్లీలో. తలుపు కొడితే తీయలేదు. పక్కింటావిడ వచ్చి కిటికీలోంచి చెయ్యి ఊపితే తీశాడు. చెవులు దాదాపు పోయాయి ఆయనకు. స్పీకర్ల పక్కన నిలబడి బతికిన మనిషి, ఆ స్పీకర్లే మింగాయన్నాడు. అయినా నవ్వుతూనే చెప్పాడు. గిటార్ పెట్టె తెరిచాడు. తేనె రంగు, అంచుల దగ్గర రంగు పోయి చెక్క కనిపిస్తోంది. తీగలు గిటార్ మెడ మీది మెట్లకు ఆనుకుంటున్నాయా అన్నంత కిందికి ఉన్నాయి.

మా అన్న ఆగలేకపోయాడు. ఒక తీగ మీద వేలు వేసి, "సడలిపోయింది సార్" అన్నాడు.

"ఆఁ?"

"సడలిపోయిందీ!" గల్లీ అంతా వినబడేటట్టు అరిచాడు.

పెద్దాయన పకపకా నవ్వాడు. "సడలలేదు భయ్. ఇది గిట్లనే ఉండాలె. సన్న తీగలు. ఊదితె పలకాలె, కొడితె కాదు." తర్వాత నా వైపు తిరిగి, నా వేళ్లకు ఉన్న కట్లు చూసి, నవ్వు ఆపేశాడు. "కూసో బేటా. మెల్లగ ముట్టుకో."

ఆయన డబ్బా నుంచి నా కీబోర్డుకు వైరు కలిపాడు. నేను సన్నాయి పెట్టుకున్నాను. గిటార్‌ను ఒళ్లో పరుండబెట్టుకుంటే ఎడమచెయ్యి సరిగా అందలేదు. తిప్పి, బిరడాలుండే తల భాగం కుడి దిక్కుకు వచ్చేటట్టు పెట్టుకున్నాను. అప్పుడు అందింది. ఒక్క వేలు తీగ మీద వేశాను, అంతే. ఆ గదిలో సన్నాయి పలికింది. నా సన్నాయి, కొంచెం ముక్కుతో, కొంచెం ఎండలో నిలబడి. వేలు అలాగే ఉంచి తీగను పక్కకు నెట్టాను. స్వరం జారి, ఊగి, మళ్లీ వచ్చి నిలబడింది. ఎప్పుడు ఏడుపు మొదలైందో నాకు తెలియదు. అన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

పెద్దాయన వచ్చి కీబోర్డు స్పీకర్ మీద అరచెయ్యి పెట్టాడు. ఆయన వినేది అట్లాగట. కళ్లు మూసుకుని, "ఊగుతున్నది" అన్నాడు. "మంచిగ ఊగుతున్నది బేటా."

కానీ పాట వాయిద్దామని మొదలుపెట్టగానే గోల. నేను వేలు ఎత్తినప్పుడల్లా ఆ తీగ తనంతట తాను కంపించి ఇంకో స్వరం పలుకుతోంది. నేను ఒకటి వాయిస్తే సన్నాయి రెండు ఊదుతోంది. పెళ్లి పందిట్లో ఇద్దరు సన్నాయివాళ్లు కొట్లాడుకుంటున్నట్టుంది. ఆయనకు ఆ గోల వినబడదు. తీగలను చూస్తున్నాడు. "ఖాళీ తీగలు ఒణుకుతున్నయి. అందుకే మేమందరం రెండో చెయ్యి వాటి మీద పెట్టి…"

అని ఆగిపోయాడు. మెడకు కట్టిన నా బట్ట చూశాడు. "మాఫ్ చెయ్యి బేటా" అన్నాడు మెల్లగా.

చేతిరుమాలు తెచ్చి తల దగ్గర తీగలకు కట్టాడు. కాసేపు ఆగింది. నేను గమకం కోసం తీగ నెట్టగానే ముడి జారింది. బిగించి కడితే తీగ గొంతే పట్టేసింది. మళ్లీ కట్టాడు, మళ్లీ జారింది. ఆయన చేతులు కూడా అలసిపోతున్నాయి. నాకు ఇక చాలనిపించింది. ఇంతదాకా వచ్చి, నా సన్నాయిని చెవులారా విని, మళ్లీ వదులుకుని పోవడం కన్నా అసలు వినకుండా ఉంటేనే బాగుండేది. "పోదం పా అన్నా" అన్నాను.

అన్న కదలలేదు. నా దగ్గరికి వచ్చి కింద కూర్చున్నాడు. నా మెడ బట్టలోంచి కుడిచేతిని తీశాడు. దాన్ని ముట్టుకుంటే నేను కసురుతానని ఇంట్లో అందరికీ తెలుసు. రెండు చేతులతో పట్టి, గిటార్ తల దగ్గర, తీగల మీద అడ్డంగా పడుకోబెట్టాడు.

"అంచు నాడె ఏసేటప్పుడు నాయన ఏం చెప్పేటోడు నీకు? రెండో చెయ్యి పడుగు మీద పెట్టు, ఊగనియ్యకు అని చెప్పలేదా? ఒత్తకు, ఉట్టిగ పెట్టు అనేటోడు. గంతే. నువ్వు ఒత్తే పని లేదు. దాని బరువు దానికున్నది. ఇప్పుడు కొట్టు."

కొట్టాను. ఒకే స్వరం వచ్చింది. వేలు ఎత్తాను, నిశ్శబ్దం. ఇంకోటి కొట్టాను. ఒకటే. తీగ నెట్టాను. చెయ్యి జారలేదు, మెత్తగా తీగతోపాటే కొంచెం కదిలి, మళ్లీ అక్కడే ఉంది. రుమాలు చెయ్యలేని పని అది. పాట మొత్తం వాయించాను, పెళ్లికూతుర్ని తీసుకొచ్చేటప్పుడు నేను వాయించే పాట. తప్పులు బోలెడు, కానీ అవన్నీ నావే. కొట్లాడే రెండో సన్నాయి లేదు.

పెద్దాయన స్పీకర్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ధర సంగతి ఆయనా అన్నా మాట్లాడుకున్నారు, నేను వినలేదు. పోయేటప్పుడు గిటార్‌ను పెట్టెలో పెట్టి, మూత వేసి, మళ్లీ తీసి ఒకసారి చూసి వేశాడు. "వారానికోపాలి తీగలు తుడువు. మెత్తటి బట్టతోటి" అన్నాడు. ఆయన మొహం చూస్తే, తీసుకుపోతున్నందుకు నాకు బాధ వేసింది. వాయించకుండా పెట్టెలో ఉంచడం ఇంకా బాధ అన్నాడాయన, నేను అడగకుండానే.

నల్ల గిటార్‌ను వనపర్తిలో తిరిగి ఇచ్చేశాం. కొట్టు ఆయన ఏమీ అనుకోలేదు. మా అన్న మాత్రం చివరిసారి దాని తీగల మీద గోరు గీసి, ఖంగుమన్న శబ్దం విని, నిట్టూర్చి గోడకు తగిలించాడు.

అక్కడి నుంచి మాఘం దాకా నాకు వేరే పని లేదు. ఏళ్లుగా తెల్లమెట్లూ నల్లమెట్లూ తెలిసిన వేళ్లకు స్వరాలు కొత్త చోట్ల దొరకాలి. దొరికేవి కావు. అరిచేదాన్ని, తిట్టేదాన్ని, మళ్లీ కూర్చునేదాన్ని. అన్న మగ్గం మీద నుంచే "ఇంకోపాలి" అనేవాడు. అక్క ఆదివారాలు చర్చి అయ్యాక నేరుగా వచ్చి పాడేది. నేను తడబడితే ఆమె ఆగేది. ఆ ఆగడం కోసమే రెండేళ్లు మొహం వాచిపోయానంది. చివరికి ప్యాడ్ల ఆయన కూడా వచ్చాడు. మొహం బిగించుకుని కూర్చుని రెండు పాటలు విన్నాడు. మూడో పాటకు ప్యాడ్లు విప్పాడు. లేచి పోయేటప్పుడు, "ఒకాయనకు మాటిచ్చి ఉంటి. వద్దని చెప్తలే" అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

శ్రీరంగాపూర్ పెళ్లి పొద్దుటి ముహూర్తం. చెరువు మీది గాలి చల్లగా పందిట్లోకి వస్తోంది. వదిన నాకు మంచి చీర కట్టి, రెండు చేతులకూ గాజులు వేసింది. మొదటి పాటలోనే కుడిచేతి గాజులు తీగలకు తగిలి సన్నాయి కిచకిచలాడింది. ప్యాడ్ల ఆయన గట్టిగా నాలుగు దెబ్బలు వేసి దాన్ని కప్పేశాడు. అక్క పాడుతూ పాడుతూనే వంగి నా గాజులు ఊడదీసి తన పమిటలో ముడి వేసుకుంది. ఆ తర్వాత పెళ్లికూతురు వచ్చింది. నేను వాయించాను. ఎక్కడ జార్చాలో అక్కడ జార్చాను, ఎక్కడ నిలపాలో అక్కడ నిలిపాను, అక్క గొంతు వచ్చి దాని పక్కన నిలబడింది. జనంలో ఎవరో ముసలామె లేచి సన్నాయి ఊదేవాడి కోసం అటూ ఇటూ చూసింది. కనబడక మళ్లీ కూర్చుంది.

భోజనాలప్పుడు అన్న గిటార్‌ను నా ఒళ్లోంచి తీశాడు. అక్క గాజులు తిరిగి వేద్దామని నా కుడిచేతిని పట్టుకుని తిప్పి, అట్లాగే ఆగిపోయింది.

"ఏందే గివి?"

చూశాను. అరచేతికీ మణికట్టుకూ మధ్య ఎర్రగా, వరసగా తీగల గీతలు. పొద్దున నుంచీ తీగల మీద ఉన్నందుకు చర్మంలోకి దిగి ముద్ర పడ్డాయి.

"నొస్తున్నదా?" అంది అక్క, ఆ గీతల మీద మెల్లగా వేలు రాస్తూ.

"తెల్వదు" అన్నాను.

నిజంగానే తెలియదు. కానీ ఆ గీతలు పోకముందే చూసుకోవాలని, ఆమె దగ్గర్నుంచి నా చేతిని తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను.